అన్నిటికీ ఒకటే గంట

సంకుంగ్ సైకిల్ గంట వినపడందే బ్రికామా మార్కెట్ వెనక వీధుల్లో టీ నీళ్ళు పొయ్యెక్కవు. వెనక బుట్టలో వేడి రొట్టెలు, హ్యాండిల్‌కి తన అభ్యర్థి రంగు పసుపు గుడ్డపీలిక. మూడు వారాలుగా ప్రతి గుమ్మం ముందూ గంట రెండుసార్లు కొడుతున్నాడు, ఒకటి రొట్టెకి, ఒకటి పసుపుకి. "ఈసారి రోజులు మారతాయి, అక్కా" అంటే, "ముందు నీ టైరు మార్చు" అంటారు ఆడవాళ్ళు. అతను నవ్వి ఇంకోసారి కొడతాడు. ఎన్నికల రోజున మాత్రం గంట విప్పి ఇంట్లో పెట్టాడు. ఇక్కడ ఓటంటే గాజుగోళీ, ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు డ్రమ్ము. గోళీ డ్రమ్ములో పడగానే లోపల గంట మోగుతుంది, అందుకని పోలింగ్ బూత్ దరిదాపుల్లో సైకిల్ గంటలు మోగకూడదు. తన గోళీని పసుపు డ్రమ్ములోకి జారవిడిచి, ఆ 'టింగ్' విని బయటికొచ్చినవాడు ఇంటికి పోలేదు. ఎదురుగా గోడనీడన కూర్చుని, లోపల గంట మోగినప్పుడల్లా కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు. మధ్యాహ్నం భార్య జైనబా చేపల అన్నం తెచ్చింది. "ఏ డ్రమ్ములో పడిందో నీకేం తెలుసని ఆ మురిపెం? అన్నిటికీ ఒకటే గంట కదా."

సంకుంగ్ కళ్ళు తెరవలేదు. "అందుకేనే. సాయంత్రం డ్రమ్ములు తెరిచేదాకా అన్నీ మనవే."