మా వీధి మర్యాద

ఆత్మకూరులో మేం కాపురమున్న వీధి ఊరికి చిట్టచివర ఉండేది. మా ఇల్లు దాటితే ఒక ఖాళీ స్థలం, దాని అవతల కంపచెట్లు, ఆ వెనక బస్సుల రోడ్డు. మా నాయన బస్సు డిపోలో మెకానిక్కు. మిగతా ఇళ్లలో ఒక హెడ్మాస్టరు, ఒక కాంపౌండరు, తాలూకా ఆఫీసు గుమాస్తాలు ఉండేవాళ్లు. అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరినవాళ్లే. ఎదురుపడితే 'భోజనాలయ్యాయా' అని అడగడం, 'ఆ, అయ్యాయండీ' అనడం, అంతటితో సరి. గుమ్మాలకు కర్టెన్లు కట్టడం అప్పుడప్పుడే మొదలైంది. మా వీధివాళ్లకు ఆ అలవాటు భలే నచ్చింది.

ఆ కర్టెన్ల వీధిలోకి మా నాయన వాళ్లమ్మను తీసుకొచ్చాడు, బర్రెతో సహా.

మా అవ్వది సీతారామపురం అవతల కొండ కింద పల్లె. తాత పోయాడు. వానల్లేక మేకలు అమ్మేశారు. పల్లెలో సగం మంది కూలిపనులు వెతుక్కుంటూ పోయారు. అవ్వ మాత్రం మోకాలి నొప్పితో ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఓసారి దొడ్లో జారి పడిపోయి, పక్కింటామె నిప్పు కోసం వచ్చి చూసేదాకా లేవలేక అట్లాగే పడి ఉందట. ఆ కబురు తెలిసిన పూట నాయన అన్నం కలిపి, తినకుండానే లేచిపోయాడు. మళ్లీ ఆమెను అక్కడ ఒంటరిగా వదలనని ఆరోజే అమ్మతో చెప్పాడు. అవ్వేమో బర్రె లేకుండా కదలనంది. చివరికి బర్రెను లారీ ఎక్కించి, దాని పక్కన తనూ నిలబడి వచ్చాడు నాయన.

నాకు మాత్రం పండగే. అప్పటికి నేను నాలుగో తరగతి. అవ్వ పక్కన నేనే పడుకుంటానని తమ్ముడితో పోట్లాడి మరీ సాధించుకున్నాను.

వచ్చిన వారంలోపే అవ్వ వీధంతా తిరిగేసింది. తిరగడమంటే వాకిట్లో నిలబడి పలకరించడం కాదు. కర్టెను పక్కకు నెట్టి నేరుగా వంటింట్లోకి పోవడం. కాంపౌండరు భార్య పొయ్యి మీద గిన్నె మూత తీసి చూసి, "మునక్కాయలింకా ఉడకలా, నీకేం తొందర" అని మళ్లీ మూత పెట్టి, "పెళ్లై ఎన్నేండ్లాయె? పిల్లోళ్లు ల్యాకపోతే ఎట్టా?" అని అడిగింది. హెడ్మాస్టరును నడివీధిలో నిలబెట్టి, "సారూ, నువ్వు రోజూ అరస్తావుండావే, పిలకాయలింటారా?" అంది. అవ్వ దృష్టిలో ఇవన్నీ పలకరింపులే. వాళ్ల పల్లెలో ఎవరు ఎవరినైనా ఇంతకంటే ఘాటుగానే పలకరిస్తారు.

మా నాయనకు తల కొట్టేసినట్టయింది. ఎవరైనా ఏదో ఒకటి అంటారు, ఆమె మనసు కష్టపెట్టుకుని మళ్లీ ఆ పల్లెకే పోతానంటుంది, ఇదీ ఆయన భయం. ఒక సాయంత్రం, అవ్వ బర్రెను కడుగుతున్న సమయం చూసి, ఇంటింటికీ వెళ్లాడు. వెనకాలే నేనూ వెళ్లాను.

"మా అమ్మ పల్లెటూరి మనిషండీ. నోరు పెద్దదే గానీ మనసు మంచిది. ఏమన్నా అన్నా, ఏమన్నా చేసినా ఒక్క మాట అనొద్దండి. కాస్త సర్దుకుపోండి" అని అందర్నీ బతిమాలాడు.

మా పక్కింటి నానీ దగ్గరైతే ఏకంగా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆమె నిజంగా మాకేమీ కాదు. ఆమె కూతురి పిల్లలు సెలవులకొచ్చి నానీ, అంటే అమ్మమ్మా, అని పిలిస్తే మేమూ నానీ అనేవాళ్లం. ఉదయగిరి నుంచి కొడుకు వెంట వచ్చి స్థిరపడిన పెద్దావిడ. కొడుక్కి బజార్లో టైలరు షాపు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేది. ఆ వీధిలో అంతో ఇంతో నోరున్న మనిషి ఆమే. అందుకే నాయన అంతగా బతిమాలాడు.

"నీ అమ్మ నాకు అక్క లెక్క బేటా. నా నోట్లోంచి ఒక్క మాట రాదు, పో" అంది నానీ.

మా వీధివాళ్లు మంచివాళ్లు. మాటంటే మాటే. మర్నాటి నుంచి మా అవ్వకు ఎదురులేకుండా పోయింది. బర్రె పలుపు తెంపుకుపోయి హెడ్మాస్టరు గారి క్రోటన్లు నమిలేస్తే, ఆయన దాన్ని మెల్లగా తోలుకొచ్చి, "పరవాలేదండీ, పశువుకేం తెలుసు" అన్నాడు. అవ్వ చిలికిన మజ్జిగ చెంబుతో పంపితే, చెంబు తళతళా తోమి, "థాంక్సండీ" అని తిరిగిచ్చారు. కాంపౌండరు భార్యను అవ్వ మళ్లీ పిల్లల సంగతి అడిగితే, ఆ పిల్ల నవ్వి, "కాఫీ తాగుతారా?" అంది. అవ్వ ఏం మాట్లాడినా ఆ మాట తిరిగి వచ్చేది కాదు. దానికంటే గోడతో మాట్లాడడం నయం, గోడ కనీసం నవ్వి ఊరుకోదు.

ఇక గోడ సంగతి. రంజాన్ నెల రాబోతుందని నానీ వాళ్లు ఇంటికి సున్నం కొట్టించారు. మా వైపున్న వాళ్ల పక్కగోడ మీద పొద్దున్నే ఎండ నిండుగా పడేది. మా అవ్వ పల్లెలో ఎండ పడ్డ గోడ ఎవరిదని అడిగే పనిలేదు, పేడ ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఆ తెల్లటి గోడ మీద వరసగా పిడకలు, ఒక్కొక్క దాని మీద అవ్వ అయిదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ, ఆ ఇల్లు మాది కాదు గదా.

నానీ బయటికొచ్చి చూసింది. పెదాలు కదిలాయి. అప్పుడే డిపో నుంచి వచ్చిన మా నాయన వైపు ఒకసారి చూసి, కొంగు తలమీదికి లాక్కుని లోపలికెళ్లిపోయింది. పిడకలు ఎండాక వాళ్ల కోడలు వాటిని జాగ్రత్తగా ఊడబీకి, తెచ్చి మా బర్రె దగ్గర పేర్చి పోయింది. మళ్లీ మనిషిని పిలిచి గోడకు సున్నం కొట్టించారు.

అవ్వ ఆ పేర్చిన పిడకల వైపు చాలాసేపు చూసింది.

"ఏందే నువ్వు చేసిన పని, అని ఒక్క మాట అడగరా? ఏం మనుషులు వీళ్లు?" అంది మా అమ్మతో.

"మంచోళ్లు కాబట్టి అడగలా, పోనీ అత్తా" అంది అమ్మ.

"మంచోళ్లంట! మా వూళ్లో అయితే ఈపాటికి నా పుట్టింటోళ్లనీ మెట్టినింటోళ్లనీ కలిపి కడిగుండేవోళ్లు."

ఆ తర్వాత అవ్వ బయటికి పోవడం మానేసింది. అన్నం సగం తిని కంచం పక్కకు నెట్టేది. వీధికి వీపు పెట్టి బర్రె వైపు తిరిగి కూర్చునేది. పడుకునేటప్పుడు నేను కథ చెప్పమంటే, "నాకు మాటలు మర్సిపోతాండాయి పాపా" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను.

రెండు వారాలకు, నాయన డిపో నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, పల్లెకు పోతానని చెప్పేసింది.

"ఎవురేమన్నారమ్మా?" అన్నాడు నాయన కంగారుగా.

"ఎవురూ ఏమీ అన్లా. అదేరా నేను చెప్తా ఉండేది."

"అందరూ ఎంత మర్యాదగా చూస్తాండారు గదా నిన్ను."

"మర్యాద చుట్టానికి చేస్తార్రా. చుట్టమన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోవాల గదా. ఆ పొయ్యేదేదో నేనే పోతా."

నాయనకు ఆ మాట ఎక్కలేదు. తాను అంత బందోబస్తు చేశాక కూడా ఎక్కడ తప్పు జరిగిందో ఆయనకు తెలియలేదు. దొడ్లో పడిన సంగతి గుర్తుచేశాడు. ఆ ఇంట్లో ఏమన్నా అయితే చూసే దిక్కు లేదన్నాడు. అమ్మ బతిమాలింది. నేను కాళ్లు చుట్టేసుకున్నాను. అవ్వ వినలేదు. చివరికి శుక్రవారం సీతారామపురం బస్సు ఎక్కించేటట్టు ఒప్పుకున్నాడు. ఆ బస్సు డ్రైవరు నాయన స్నేహితుడు. మా ఇంటికి ఎదురుగా రోడ్డు మీద ఆపి హారన్ కొడతానన్నాడు. బర్రెను తర్వాత నాయన తోలుకుపోవాలని మాట.

శుక్రవారం పొద్దున అవ్వ పెట్టె సర్ది అరుగు మీద పెట్టింది. పాలు పితికింది. బర్రె మెడ నిమిరి దాంతో ఏదో చెప్పింది. కొట్టంలో పేడ ఉంది. ఊరికి పొయ్యేరోజైనా పేడ పారేసే మనిషి కాదు మా అవ్వ. గంప నెత్తికెత్తుకుని నేరుగా నానీ గోడ దగ్గరికి నడిచింది. రెండోసారి సున్నం కొట్టిన గోడ అది. పండగ నాలుగు రోజుల్లోకి వచ్చింది.

మొదటి పిడక టపీమని పడగానే నానీ తలుపు తెరుచుకుంది.

"ఏమే ముసిల్దానా!"

వీధిలో ఆ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

"రెండుసార్లు సున్నం కొట్టించినా నా గోడకి! పండగ ముంగట పెట్టుకోని నా ఇంటికి పేడ పూస్తావా? నీ కళ్లకి ఇంకో గోడ అగపళ్లేదా?"

అవ్వ చేతిలో పేడముద్దతో అట్లాగే తిరిగింది. నాకు భయమేసింది. కానీ ఆమె మొహం చూస్తే భయం పోయింది. అన్ని రోజుల తర్వాత ఆ మొహంలోకి ప్రాణం వచ్చింది.

"ఎండ పడే గోడ ఇదొక్కటే ఉండాది! ఎండ నీ సొమ్మా?"

"ఎండ అల్లాది! గోడ నాది!"

"ముందుతూరి పిడకలు పీకినావే, ఆ పొద్దు అడగలేకపోయినావా? నోరు పడిపోయినాదా?"

"నీ కొడుకొచ్చి నా చేతులు పట్టుకోని అడిగినాడు, మా అమ్మని ఒక్క మాట అనొద్దని! వాని మొహం చూసి నోరు కుట్టుకోనుండా. నేనొక్కదాన్నే కాదు, ఈ వీధి వీధంతా కుట్టుకోనుండాది!"

అవ్వ చెయ్యి దిగిపోయింది. పెట్టె భుజానికెత్తుకుని నిలబడ్డ నాయన వైపు తిరిగింది.

"నువ్వు చెప్పినావా?"

"నువ్వు బాధపడకూడదనమ్మా..."

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది!" అని, "చెప్పుమే, ఇంగా ఏముండాదో చెప్పు" అని నానీ వైపు తిరిగింది.

నానీ చెప్పింది. తెలుగులో కొంత, ఉర్దూలో కొంత. ఉర్దూలో వచ్చినవాటికి కూడా అవ్వ సరిగ్గా జవాబిచ్చింది. అప్పటికి కర్టెన్లన్నీ పక్కకు జరిగాయి. హెడ్మాస్టరు లుంగీ సర్దుకుంటూ వచ్చి, "అదేనండీ, మా క్రోటన్లు కూడా..." అని నసిగాడు.

"గట్టిగా చెప్పు సారూ, యినబళ్లేదు."

"మీ బర్రె మా క్రోటన్లు మొత్తం తినేసిందండీ!"

"మరి ఆ పొద్దు పరవాలేదంటివే?"

"పరవా ఉందండీ!" అని అరిచాడాయన. బడిలో కూడా అంత గట్టిగా అరిచి ఉండడు. కాంపౌండరు భార్య కూడా ముందుకొచ్చి, తన గిన్నెల మూతలు తియ్యొద్దనీ, పిల్లల ఊసెత్తొద్దనీ కళ్లనీళ్లతో చెప్పేసింది. అవ్వ ఆ ఒక్క మాటకు మాత్రం జవాబు చెప్పలేదు. "తప్పే తల్లీ. ఇంగ అడగను" అంది.

నానీకి దగ్గొచ్చి మెట్టు మీద కూలబడింది.

"పాపా, చెంబుతో నీళ్లు తేపో" అంది అవ్వ నాతో.

"రోజా ఉండాను ముసిల్దానా! నీళ్లు తాగకూడదు. రోజాలో ఉండేదాన్తో తిట్టిస్తాండావు, ఈ పాపమంతా నీదే!"

అవ్వ ఠక్కున ఆగిపోయింది. "ఆ మాట ముందే చెప్పకూడదా? గొంతెండిపోతాది. లోపలికి పోయి పండుకో. పొద్దుగూకి నువ్వు నీళ్లు తాగినాక మాట్లాడుకుందాం."

"రా! నేనేం బయపడతానా?" అని నానీ లోపలికెళ్లింది.

అంతలో రోడ్డు మీద హారన్ మోగింది.

"అమ్మా, బస్సు" అన్నాడు నాయన చిన్నగా.

"పొమ్మను. పొద్దుగూకినాక నాకు పనుండాదని ఆమెతో చెప్తి గదా. ఇప్పుడు బస్సెక్కితే బయపడి పారిపోయిందనుకోరా?"

నేను కంపచెట్ల సందున పడి రోడ్డు మీదికి పరిగెత్తాను. "మా అవ్వ రాదంట!" అని అరిచాను. ఒంట్లో బాగలేదా అని డ్రైవరు అడిగాడు. "బాగుండాది. జగడమాడతాండాది" అన్నాను. ఆయన పగలబడి నవ్వి బస్సు వదిలాడు. నేను తిరిగొచ్చేసరికి నాయన పెట్టె లోపల పెట్టేసి, దాని మీదే కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

సాయంత్రం అవ్వ మొహం కడుక్కుని, చీర మార్చుకుని, నానీ అరుగు మీద కూర్చుంది. మసీదులో బాంగు వినిపించింది. నానీ ఖర్జూరం తిని, నీళ్లు తాగి, నమాజు చేసుకుని, ఒక పళ్లెంలో పకోడీలు తెచ్చి మధ్యలో పెట్టింది.

"యాడికొచ్చినాం?" అంది.

"నా కొడుకు నీ చేతులు పట్టుకున్న కాడికి."

ఆ జగడం ఏళ్ల తరబడి నడిచింది. వెనక గోడ అవ్వకిచ్చి, మిగతా గోడల జోలికొస్తే చెయ్యి విరగ్గొడతానంది నానీ. వక్కాకు దగ్గరా, మనవళ్ల దగ్గరా, ఉదయగిరి కొండ పెద్దదా సీతారామపురం కొండ పెద్దదా అన్న దగ్గరా తగువులు పడేవాళ్లు. ఒక పూట గొంతులు వినబడకపోతే మా అమ్మ గోడ మీంచి తొంగి చూసేది. అవ్వ మళ్లీ పల్లె మాట ఎత్తలేదు.

నేను కాలేజీలో చేరిన ఏడాది నానీ పోయింది. అవ్వ మోకాళ్లు అప్పటికి పూర్తిగా పట్టేశాయి. నాయనా నేనూ చెరోవైపు పట్టుకుని తీసుకెళ్లాం. వీధివాళ్లంతా ఆమెకు దారిచ్చారు. ఎవరో కుర్చీ వేశారు. కూర్చోలేదు. నానీ కాళ్ల దగ్గర కింద చతికిలబడింది.

"ఇంగ నన్ను తిట్టేదానికి ఎవురుండారే ఈ వూళ్లో" అని ఏడ్చింది.