కెప్టెన్ నీళ్ళలోకి దిగిన గురువారం

మా అన్న ఓస్బర్ట్‌కి ఈత రాదు. ఇరవై రెండేళ్ళుగా మా రిసార్ట్ పడవకి కెప్టెన్. అంతకుముందు పదిహేనేళ్ళు సరుకు పడవల మీద తిరిగాడు. ఆగస్టు పడవ పందేల్లో మూడుసార్లు గెలిస్తే మా దీవి పట్నం హిల్స్‌బరో వీధుల్లో భుజాల మీద ఊరేగించారు. అయినా ఈత మాత్రం రాదు. ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు విండ్‌వర్డ్ పల్లె జెట్టీ మీంచి వాడు జారిపడితే తెడ్డు అందించి లాగింది నేనే మరి. ఒళ్ళంతా వణుకుతూనే నా చేత అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పనని. నలభై ఆరేళ్ళు ఆ ఒట్టు మోశాను.

అమ్మని తప్పుపట్టలేను. మా పెద్దన్నయ్య పన్నెండేళ్ళ వయసులో ఈతకని వెళ్ళి తిరిగి రాలేదు. అప్పట్నించీ ఓస్బర్ట్‌ని మోకాలు తడిసేంత నీళ్ళలోకి కూడా వెళ్ళనిచ్చేది కాదు. నాన్న పడవలు చేసేవాడు కాబట్టి కొడుకు పడవెక్కితే ఆమెకి అభ్యంతరం లేదు, దిగితేనే ప్రాణం పోయేది. ఆడపిల్లనని నన్నెవరూ పట్టించుకోలేదు. నేను హాయిగా నేర్చుకున్నాను.

ఇక వీడి నాటకం చూడాలి! ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని పడవ అంచున నిలబడి వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పేవాడు. "బోర్లా పడుకోండమ్మా. గొట్టంలోంచి మెల్లగా ఊపిరి తీసుకోండి. సముద్రం మిమ్మల్ని మోస్తుంది, మీరు దాంతో పోట్లాడకండి." భయపడే ముసలమ్మలు కూడా ఆ గొంతు వినగానే నీళ్ళలోకి దిగేవాళ్ళు. మీరు దిగరా అని ఎవరైనా అడిగితే, "పడవ దగ్గర ఒకడుండాలి కదమ్మా" అనేవాడు. రిసార్ట్ వంట నాది. అతిథులు భోజనాల దగ్గర ఈ మాట చెప్పుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

కిందటేడు వచ్చిన తుఫానుకి మా రిసార్ట్ కప్పులు లేచిపోయాయి. మళ్ళీ వేసుకుని తెరిచేసరికి ఏడాది దాటింది. డిసెంబరులో మొదటి అతిథులు వస్తారనగా, దానికి రెండు వారాల ముందు బెర్నడీన్‌కి ఒక ఆలోచన వచ్చింది. వచ్చేవాళ్ళ సెలవుల ఏర్పాట్లన్నీ చూసేది ఆ పిల్లే. పిల్ల అంటున్నాను గానీ నలభై దాటాయి. ఎవరైనా ఫోను చేస్తే చాలు, పాదం కొలత ఎంత, కళ్ళద్దాలున్నాయా, గుండెజబ్బు ఉందా, ఈత వచ్చా, చివరిసారి ఎప్పుడు ఈదారు అని పద్నాలుగు ప్రశ్నలు వేస్తుంది. తృప్తి పడేదాకా వదలదు. ఆమె చేతిలో పెట్టిన మనిషి ఇంతవరకూ ఒక్కడు కూడా మునగలేదు.

సోమవారం పొద్దున అందరం కోకో టీ తాగుతూ బేక్స్, అదే నూనెలో వేయించిన రొట్టెలు, తింటుంటే బెర్నడీన్ కాగితం పట్టుకుని లేచింది. "బుధవారం, గురువారం మనమే అతిథులం. మనమే గదుల్లో పడుకుంటాం, మనమే తప్పులు వెతుకుతాం. గురువారం పొద్దున ఇసుక దీవి దగ్గర గొట్టాలు పెట్టుకుని స్నార్కెలింగ్. అందరూ దిగాల్సిందే."

"దిగి మేం చూసేదేముంది తల్లీ, నా మొగుడి మొహమే సరిగ్గా చూడను" అంది బట్టలుతికే మియాటా. అందరూ నవ్వారు.

బెర్నడీన్ మా అన్న వైపు తిరిగింది. "ముందుగా దిగేది కెప్టెనే. తుఫానుకి కింద పగడాలు ఎక్కడ విరిగాయో, చేపలు ఎటు చేరాయో కెప్టెన్ కళ్ళారా చూస్తేనే కదా రేపు వచ్చేవాళ్ళకి చెప్పగలిగేది. పడవంటారా, కట్టేసే ఉంటుంది. ఎల్వీనక్క కూర్చుంటుంది" అని నన్ను చూపించింది.

ఇరవై రెండేళ్ళ సాకు ఒక్క మాటతో ఊడిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా అన్న కూడా నవ్వుతూ కొట్టాడు. వాడి చేతిలో బేక్ ముక్క అలాగే ఉండిపోయింది.

చేపలు కడిగే రాయి దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. "ఏం చేస్తావు ఇప్పుడు?"

"ఏముందీ, దిగుతాను."

"దిగి?"

"ఇరవై రెండేళ్ళుగా అందరికీ చెప్పింది నేనే కదే. బోర్లా పడుకోవడమేగా."

"చెప్పడానికేం, నోరుంటే చాలు. చెవి నొప్పి అని చెప్పు. లేకపోతే నేనే చెప్పేస్తాను, అసలు సంగతే చెప్పేస్తాను!"

మా అన్న చుట్టూ చూశాడు. "అమ్మ మీద ఒట్టేశావు, ఎల్వీనా" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. చచ్చిపోయిన అమ్మని అడ్డం పెట్టుకుని నన్ను నోరెత్తనివ్వడు, దుర్మార్గుడు.

మర్నాడు చెవి నొప్పి సంగతి చెప్పడానికే బెర్నడీన్ గదికి వెళ్ళాడు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చాడు, చేతిలో కొత్త మాస్క్. వాడి కళ్ళద్దాల పవరుకి సరిపడా అద్దాలు వేయించి ట్రినిడాడ్ నించి తెప్పించిందట, రెండు నెలల కిందటే. "ఇన్నేళ్ళూ అందరికీ చూపించారు, మీరెప్పుడూ చూడలేదు కదా కెప్టెన్, నాకు చాలా బాధగా ఉండేది" అందట. వదిన పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ తర్వాత వాడికోసం ఎవరైనా ఏదైనా తెప్పించారా అంటే, లేదు. ఇక ఆ మనిషి ముందు నాకు ఈత రాదని చెప్తాడా? చావనైనా చస్తాడు గానీ చెప్పడు.

బుధవారం మధ్యాహ్నం నిమ్మకాయలు కోయడానికి పెరట్లోకి వెళ్ళాను. బట్టల తొట్టి ముందు మా అన్న మోకాళ్ళ మీద ఉన్నాడు. మాస్క్ పెట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, మొహం నీళ్ళలో ముంచాడు. మూడు ఊపిర్లు తీసి దగ్గుకుంటూ పైకి లేచాడు. మళ్ళీ ముంచాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మగాడు తొట్టిలో సముద్రం నేర్చుకుంటున్నాడు. నిమ్మకాయలు కోయకుండానే వచ్చేశాను.

గురువారం గాలి పెద్దగా లేదు. గాలి లేచి, సముద్రం పోటెత్తి, ఈ ప్రయాణం ఆగిపోవాలని తెల్లవారుజాము నించీ మొక్కుకున్నాను. పదకొండు మందిమి పడవెక్కాం. నా ఒళ్ళో మధ్యాహ్నానికి కొబ్బరిపాలలో వండిన ఆయిల్ డౌన్ కుండ. అతిథుల్ని నీళ్ళలో కనిపెట్టుకుని ఉండే కాస్మస్ అందరికీ లైఫ్ జాకెట్లు పంచుతున్నాడు. మియాటాకి ఒకటి, తోటమాలికి ఒకటి, లెక్కలు రాసే అమ్మాయికి ఒకటి. మా అన్న దగ్గరికి వచ్చి జాకెట్ చూపించి ఆగాడు.

"కెప్టెన్‌కి జాకెట్ ఏంట్రా? చేపకి గొడుగు పట్టినట్టు!" అని మియాటా అరిచింది. పడవంతా గొల్లుమంది.

"వేసుకో అన్నా" అన్నాను. ఎవరికీ వినపడలేదు, వాడికి వినపడింది. వాడు నా వైపు చూడలేదు. జాకెట్ కాస్మస్ చేతికి తిరిగి ఇచ్చేశాడు.

పగడాల దిబ్బ దగ్గర తేలే ఎర్ర డబ్బాకి తాడు కట్టారు. మా అన్న కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టాడు. నిచ్చెన దిగాడు. నడుము లోతు, ఛాతీ లోతు. ఒక చేత్తో నిచ్చెన పట్టుకునే బోర్లా పడుకున్నాడు. కొంతసేపటికి ఆ చెయ్యి కూడా వదిలేశాడు.

నిజం చెప్పాలంటే, తేలాడు! వీపు పైకి, గొట్టం పైకి, చేతులు చాపుకుని, అందరికీ చెప్పినట్టే పడుకున్నాడు. చెయ్యెత్తి బొటనవేలు చూపించాడు. బెర్నడీన్ పడవ మీంచి చప్పట్లు కొట్టింది. నా గుండెలమీంచి ఎవరో బండ దింపినట్టయింది. మిగిలినవాళ్ళు దిగారు, ఒకటే కేకలు, తుళ్ళింతలు. కాస్మస్ మియాటా చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. బెర్నడీన్ లెక్కలమ్మాయి మాస్క్ సరిచేస్తోంది. కుండ మూత జారిందని నేను వంగి బిగించాను.

తల ఎత్తేసరికి మా అన్న పడవకి చాలా దూరం కొట్టుకుపోయాడు. అదే పడక, బోర్లా. కానీ కాళ్ళకి తొడిగిన రబ్బరు రెక్కలు కదలడం లేదు.

"బెర్నడీన్! అన్న ఏం చేస్తున్నాడు?"

ఆమె అటు చూసింది. మాస్క్ పైకి జరుపుకుని నవ్వింది. "చూడనివ్వక్కా. ఎంత ముచ్చటగా చూస్తున్నాడో! కదిలితే చేపలు బెదురుతాయని తెలుసు కదా ఆయనకి."

నీళ్ళ మీద బోర్లా తేలే ప్రతివాడూ చేపల్ని చూస్తున్నట్టే ఉంటాడు. ఇంకెవరైనా అయితే కాస్మస్ ఈపాటికి పక్కన ఉండేవాడు. వీడు కెప్టెన్, వీడి గురించి భయమేంటి! ఒక అల గొట్టం మీంచి దాటింది. గొట్టం మళ్ళీ పైకి లేచింది గానీ నీళ్ళు చిమ్మలేదు. ఊపిరున్నవాడైతే ఊదేస్తాడు. నాకు తెలుసు. తెలిసి కూడా అరవలేదు. అమ్మ మీద ఒట్టు, వాడి మొహం, ఆ తెల్లచొక్కా, అన్నీ అడ్డం పడ్డాయి. రెండో అల దాటింది. మూడోది దాటింది. మూడు అలలు ఊరికే చూస్తూ కూర్చున్నాను. దేవుడు నన్ను క్షమించినా నేను క్షమించుకోను.

"మా అన్నకి ఈత రాదు! వాడికి ఈత రాదు, ఒరే కాస్మస్, పట్టుకోరా!"

ఒక్కళ్ళూ కదల్లేదు. కాస్మస్ నవ్వాడు కూడా, హాస్యమనుకున్నాడు. నేను కట్టుకున్న ఏప్రన్‌తోనే దూకేసరికి వాడి మొహంలో నవ్వు పోయింది. పాతికేళ్ళుగా ఈదని ఒళ్ళు, నాలుగు బారలకే ఊపిరి అందలేదు. కాస్మస్ నన్ను దాటి వెళ్ళి మా అన్నని తిరగేశాడు. కొత్త మాస్క్ లోపల కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి.

ఇసుక దీవి మీదికి లాక్కొచ్చారు. కాస్మస్ ఛాతీ మీద నొక్కుతూ లెక్కపెడుతున్నాడు. మియాటా పెద్దగా ప్రార్థన మొదలుపెట్టింది. నేను మా అన్న కాళ్ళు పట్టుకుని "లేవరా, లేవరా అన్నా" అంటున్నాను. పుట్టాక మొదటిసారి వాణ్ణి రా అన్నాను. ఎంతసేపో తెలియదు. భళ్ళున నీళ్ళు కక్కాడు. మళ్ళీ కక్కాడు. ఊపిరి తీసుకున్న చప్పుడు విని లెక్కలమ్మాయి ఇసుకలో కూలబడి ఏడ్చింది.

మా అన్న కళ్ళు తెరిచి ఒక్కొక్కరి మొహమూ చూశాడు. చివరికి నన్ను చూశాడు.

"చెప్పేశావా?" అన్నాడు.

చచ్చి బతికినవాడు అడగాల్సిన మాటా అది! చెంప మీద లాగి ఒక్కటిచ్చాను. ఇచ్చి, ఆ చెంపనే పట్టుకుని భోరుమన్నాను. బెర్నడీన్ నా చెయ్యి పట్టుకుంది. "ఆయన్ని కొట్టకక్కా, నన్ను కొట్టు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని పద్నాలుగు ప్రశ్నలు అడిగాను. మనవాళ్ళని ఒక్కటీ అడగలేదు." మా అన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. బెర్నడీన్ రోజూ వచ్చి కూర్చుంటే ఆమెతో మాట్లాడతాడు. నాతో మాత్రం మాటల్లేవు. నేను వండినది తింటాడు, గిన్నె కడిగి పెడతాడు, వెళ్ళిపోతాడు.

తర్వాతి వారంలో వంటింటి వెనక తలుపు దగ్గరికి ఎథెల్బర్ట్ వచ్చాడు. ముప్పయ్యేళ్ళుగా వలేసి బతుకుతున్నవాడు. టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. "ఎల్వీనా, నాక్కూడా ఈత రాదు. నా చిన్నకొడుక్కి చెప్పలేను. ఎవరికీ చెప్పకు." మర్నాడు ఫెర్రీ తాడు కట్టే కాన్రాడ్ వచ్చాడు, అదే మాట. శనివారం నాడు పందెం పడవ నడిపే మోజెస్ వచ్చాడు, వాడైతే నా చేత ఒట్టు వేయించుకోవాలని చూశాడు, వాళ్ళమ్మ మీద. ముగ్గురికీ కోకో టీ ఇచ్చి పంపించాను, ఒట్టు మాత్రం ఎవరికీ వేయలేదు.

ఆదివారం ప్రార్థన అయి జనం జెట్టీ దగ్గర గుమిగూడారు. నేను చేపల బల్ల ఎక్కి నిలబడి ముగ్గురి పేర్లూ గట్టిగా చదివాను. వీళ్ళకి ఈత రాదు, పక్కన ఎవరున్నా కనిపెట్టుకుని ఉండండి అని చెప్పి దిగాను.

ఇప్పుడు ముగ్గురూ నాతో మాట్లాడటం మానేశారు. మా అన్నతో కలిపి నలుగురు. మాట్లాడకపోతే పోనీ, నలుగురూ రోజూ నా కళ్ళముందే తిరుగుతున్నారు.