తొక్కని ఐదో చుట్టు

ఆ లేత్ షాపులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ మైక్రానే. ఒక్క మైక్రాన్, అంటే వెంట్రుక మందంలో డెబ్బయ్యో వంతు తేడా ఉన్నా చేసిన పీసు వెనక్కి తిప్పి పంపుతాడని ఆ పేరు వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఒకే మెషిన్ మీద నిలబడ్డాడు. బడిలో నేర్చింది తక్కువ, ఇనుము నేర్పింది ఎక్కువ. కొత్తగా చేరినవాళ్లకి అతను చెప్పే పాఠం ఒక్కటే: "అనుమానం వచ్చిందా, మెషిన్ ఆపు. కొలువు. కబుర్లు తర్వాత."

అలాంటి మనిషి నలభై మూడో ఏట ట్రయథ్లాన్ అనే మూడు ముక్కల పోటీలో తలదూర్చాడంటే అది వాళ్లావిడ చలవే. నడుం పట్టేసిందని రోజూ మూలుగుతుంటే విని విని ఆవిడ విసిగిపోయింది.

"మెషిన్‌కి వారం వారం ఆయిల్ పోస్తారు. మీ కీళ్లకి ఎప్పుడు పోస్తారండీ?" అంది.

మాట గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే ఊరి ఈతకొలనుకి వెళ్లాడు. నీళ్లలో అతను చేసిన హడావుడికి పక్క వరుసలో ఈదుతున్న మనిషి ఆగిపోయి గట్టు పట్టుకుని చూశాడు. ఆ మనిషి పోస్ట్‌మ్యాన్, అతనికంటే మూడేళ్లు పెద్ద.

"ఏం బాబూ, నీళ్లతో పాత తగాదా ఏమన్నా ఉందా?"

"మునిగిపోతానేమోనన్నా."

"నువ్వు కొట్టే దెబ్బలకి నీళ్లే పారిపోయేలా ఉన్నాయి. ఇంక మునగడానికి ఏం మిగులుతాయి? మెల్లిగా. మోచెయ్యి పైకి లేపు."

అంతే, అక్కణ్ణించి పోస్ట్‌మ్యానే గురువు. పోస్ట్‌మ్యాన్ అప్పటికే రెండు పోటీల్లో పాల్గొన్నాడు. మైక్రాన్‌కి ఈదడం నేర్పాడు, నీళ్లలోంచి వచ్చిన ఒంటితోనే సైకిలెక్కడం నేర్పాడు, దిగిన కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతే ఎలా పరిగెత్తాలో నేర్పాడు. దక్షిణ ఇవ్వబోతే తిట్టాడు. బదులుగా మైక్రాన్ అతని సైకిల్ విప్పి, ఇరుసుల దగ్గర అరిగిపోయిన బుష్‌లన్నీ తీసేసి, షాపులో లేత్ మీద కొత్తవి చేసి వేశాడు. చక్రాన్ని ఒక్కసారి వేలితో తిప్పి వదిలితే, టీ తాగి వచ్చేసరికి కూడా ఇంకా తిరుగుతూనే ఉండేది.

మూడేళ్ల తర్వాత, నలభై ఆరో ఏట, మైక్రాన్ మొదటిసారి పోటీకి దిగాడు. ఏడువందల యాభై మీటర్ల ఈత, ఇరవై కిలోమీటర్ల సైకిల్, అయిదు కిలోమీటర్ల పరుగు. సైకిల్ దారి చుట్టూ తిరిగి వచ్చేది. చుట్టుకి నాలుగు కిలోమీటర్ల చొప్పున అయిదు చుట్లు. పోటీ నడిపే పీటీ మాస్టారు ముందే చెప్పేశాడు: చుట్లు లెక్కపెట్టడానికి మనుషుల్లేరు, ఎవరి లెక్క వాళ్లదే.

లెక్క విషయంలో మైక్రాన్‌కి బెంగ లేదు. షాపులో పది పీసులు అయినప్పుడల్లా ఎడమ మణికట్టు మీది రబ్బరు బ్యాండు ఒకటి కుడి మణికట్టుకి మార్చడం అతని పద్ధతి. ఇన్నేళ్లలో ఆ లెక్క తప్పలేదు. పోటీకి కూడా అదే వాడాడు. హ్యాండిల్‌కి అయిదు బ్యాండ్లు. చుట్టు అవగానే ఒకటి లాగి చేతికి తొడుక్కోవాలి.

మూడో చుట్టు చివర చెమట చేత్తో లాగుతుంటే బ్యాండు కాస్త దళసరిగా తగిలింది. రెండొచ్చాయా అన్న అనుమానం మెదిలింది. తల వంచి చేతివైపు చూసుకుంటే తేలిపోయేది. చూడలేదు. ముందు పోయేవాడి వీపు మీదే చూపు పెట్టి తొక్కాడు. తర్వాతి చుట్టు చివర హ్యాండిల్ మీద ఒక్కటే ఉంది. అదీ లాగి, సైకిల్ దిగి పరుగందుకున్నాడు.

గీత దాటాక గోడకి కాగితం అంటించారు. అతని వయసువాళ్లలో మూడోస్థానం. సైకిల్‌కి పట్టిన సమయం ముప్ఫై నాలుగు నిమిషాలు. ఆ అంకె మళ్లీ చదివాడు. ఇంతవరకు నలభై ఒకటికి తక్కువ ఎప్పుడూ తొక్కలేదు. అప్పుడు చేతివైపు చూసుకున్నాడు. అయిదూ చేతికే ఉన్నాయి. ఉండక ఎక్కడికి పోతాయి?

నాలుగోస్థానంలో ఉన్నది పోస్ట్‌మ్యాన్.

అప్పటికీ మించిపోలేదు. నాలుగడుగులు వేసి పీటీ మాస్టారికి చెబితే సరిపోయేది. కానీ మైకులో పేరు పిలిచారు. షాపు ఓనరు వచ్చున్నాడు, ఈలలు వేస్తున్నాడు. వాళ్లావిడ ఫోను పట్టుకుని ఫొటోకి సిద్ధంగా ఉంది. కాళ్లు వాటంతటవే వేదిక ఎక్కాయి. షీల్డు పుచ్చుకున్నాడు. ఫొటోలో నవ్వాడు కూడా.

ఆ షీల్డుని ఓనరు షాపులో పనిముట్ల బీరువా మీద పెట్టించాడు. వచ్చిన ప్రతి కస్టమరుకీ చూపించి, "మా మైక్రాన్. ఈ వయసులో చూడండి" అనేవాడు. మైక్రాన్ ఆ వైపుకి వీపు తిప్పి పని చేసుకునేవాడు. డ్రిల్ కోసం బీరువా దగ్గరికి వెళ్లాల్సి వస్తే పక్కవాణ్ణి పంపేవాడు. ఈతకొలనుకి పోవడం మానేశాడు. మొదట జలుబన్నాడు, తర్వాత భుజం నొప్పన్నాడు, ఆ తర్వాత ఫోనెత్తడం మానేశాడు.

మూడోవారంలో గ్రైండింగ్ చేసే అతను సానబట్టిన ఇనుప షాఫ్ట్ ఒకటి తెచ్చాడు.

"మైక్రాన్ గారూ, సరిపోయిందనుకుంటా."

"అనుకోవడమేంటి? కొలిచావా?"

"చూపుకి బానే ఉందండి."

"అనుమానం వస్తే..." అని మొదలుపెట్టాడు మైక్రాన్. గ్రైండింగ్ అతను మిగతా మాట కోసం ఎదురు చూస్తున్నాడు. మైక్రాన్ షాఫ్ట్ అందుకుని, కొలవకుండానే పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఈతకొలను గట్టు మీద పోస్ట్‌మ్యాన్ ఈత కళ్లద్దాలు కడుక్కుంటున్నాడు.

"భుజం తగ్గిందా?"

"భుజానికేం కాలేదన్నా. ఆ రోజు నేను తొక్కింది నాలుగు చుట్లే."

"తెలుసు."

మైక్రాన్ గట్టు మీద అతని పక్కన కూర్చున్నాడు.

"నీళ్లలోంచి నీకంటే ముందొచ్చాను," అన్నాడు పోస్ట్‌మ్యాన్. "రోడ్డు మీద నువ్వు నన్ను దాటింది లేదు. నేను సైకిల్ దిగేసరికి నువ్వు ముందు పరిగెడుతున్నావు. దాటకుండా ముందుకెళ్లడానికి నువ్వేమన్నా ఎగిరొచ్చావా?"

"మరి అప్పుడే అడగలేదేం?"

"ఇరవై ఏడేళ్లు ఉత్తరాలు పంచాను. ఒకరి కవరు నేనెప్పుడూ చించలేదు. అయినా నువ్వే వస్తావనుకున్నా. రెండ్రోజులు పడుతుందనుకుంటే మూడు వారాలు చేశావు." కళ్లద్దాలు తగిలించుకున్నాడు. "నాకు చెప్పి లాభం లేదు. చెప్పాల్సినవాళ్లకి చెప్పు." అని నీళ్లలోకి దిగిపోయాడు.

పీటీ మాస్టారికి ఫోన్ చేస్తే ఆయన చిరాకుపడ్డాడు. "అయిపోయిన పెళ్లికి మేళమెందుకండీ? ఇప్పుడు లిస్టు మారిస్తే మా నిర్వాకం బయటపడుతుంది. వదిలేయండి." ఆ క్షణం ఎంత తేలిగ్గా అనిపించిందో, అలా అనిపించినందుకు అంత సిగ్గేసింది. కాగితం మీద అంతా రాసి, సంతకం పెట్టి, తనే స్వయంగా వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఇంట్లో చెప్పాడు. వాళ్లావిడ గోడ మీది ఫొటో తీసి బట్టల అరలో పెట్టింది. తిట్టినా బాగుండేది.

షాపులో టీ వేళకి మెషిన్లన్నీ ఆపించి చెప్పాడు. ఓనరు మొహం మాడిపోయింది. "నలుగురికీ చూపించానయ్యా" అని లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి మూలనుంచి ఎవరో, "ఇకనుంచి కిలోమీటర్ గారని పిలవాలేమో" అన్నారు. ఇద్దరు నవ్వారు. గ్రైండింగ్ అతను నవ్వలేదు, కానీ ఆ రోజు తన పీసు కొలతకి ఇంకొకరి దగ్గరికి పట్టుకెళ్లాడు.

కొత్త లిస్టు వచ్చాక షీల్డు పట్టుకుని పోస్ట్‌మ్యాన్ ఇంటికి వెళ్లాడు. తలుపు తీసింది ఆయన భార్య.

"అన్న లేరా వదినగారూ?"

"ఉత్తరాలకి వెళ్లారు. ఇదేనా అది? నాకు చెప్పారు." షీల్డు అందుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, టీవీ పక్కన పెట్టింది. కూర్చోమంది. టీ తెచ్చింది.

"ఆ రోజు నేను కూడా వచ్చాను," అంది ఎదురుగా కూర్చుని. "పొద్దున్నే పనులన్నీ తెముల్చుకుని ముందు వరుసలో కూర్చున్నా. మూడేళ్లనించి ఏ పోటీకెళ్లొచ్చినా నాలుగోవాణ్ణేనే అంటుంటారు. ఈసారి పిలుస్తారనుకున్నా."

అతను గ్లాసులోకి చూస్తున్నాడు.

"మిమ్మల్ని పిలిచారు. ఈయన శిష్యుడే కదా అని నేనే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. షీల్డు తెచ్చి ఇవ్వగలిగాడు గానీ, ఆ చప్పట్లు తిరిగి ఎలా ఇవ్వాలో అతనికి తెలియలేదు. టీ ఇంకా పొగలు కక్కుతోంది. ఊదుకోకుండా అడుగుదాకా తాగేసి, గ్లాసు తనే కడిగి పెట్టి, తల వంచుకుని మెట్లు దిగాడు.