డచ్చావిడ అచ్చులు దిద్దిన వైనం

తుఫానుకు పంట పోవడం మీరు చూసే ఉంటారు. చీడ పట్టి పోవడమూ చూసే ఉంటారు. అచ్చులు దిద్దడం వల్ల పంట బేరం పోవడం ఎక్కడైనా చూశారా? అనంతగిరి కొండల్లో ఆ ఘనకార్యం చేసింది నేనే. నవ్వుతూనే చెబుతాను గానీ, తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

విజయనగరంలో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు ముగించి, సర్టిఫికెట్టుకు లామినేషన్ చేయించుకుని కొండెక్కాను. కాఫీ రైతుల సంఘంలో దుబాసీ ఉద్యోగం. నెదర్లాండ్స్ నుంచి మార్లీన్ అనే ఆవిడ రుచి చూడటానికి వస్తోంది. నచ్చితే పంటంతా ఆవిడే కొంటుంది. సంతలో దళారి చెప్పిన ధరకు తలూపే ఖర్మ తప్పుతుంది. ఆ ఆశతోనే గూడెమంతా పండిన పళ్లు మాత్రమే ఏరి, ఎండబెట్టి, కళ్లలో ఒత్తులు వేసుకుని కూర్చుంది.

జీపు ఎక్కుతూ మార్లీన్, "నా ఇంగ్లిష్‌లో తప్పులుంటే దిద్దండి" అంది. మర్యాదకు అన్న మాట. మాటవరసకు భోంచెయ్యమంటే ఆకేసుకుని కూర్చునే రకం నేను. 'బ్యాగ్' అనాల్సిన చోట డచ్చివాళ్ల నోరు సగం తెరుచుకుని ఆగిపోతుంది, 'బెగ్' అని బయటికొస్తుంది. ఘాట్ రోడ్డులో ప్రతి మలుపులోనూ ఒక మాట పట్టుకుని దిద్దాను. ఆవిడ మొదట నవ్వింది. తర్వాత తలూపింది. ఆ తర్వాత కిటికీలోంచి లోయ చూస్తూ కూర్చుంది. పాఠం మననం చేసుకుంటోంది కాబోలు అనుకున్నాను.

సంఘం షెడ్డులో కాఫీ కప్పులు వరసగా పెట్టారు. ఆడవాళ్లంతా మంచి చీరలు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లకు పెద్దదిక్కు చిలకమ్మ నా వెనకే ఉంది. మార్లీన్ చెంచాతో కాఫీ జుర్రి, కళ్లు మూసుకుని, చిన్నగా నవ్వింది.

"నాట్ బెడ్. నాట్ బెడ్ ఎట్ ఆల్!"

"ఏటంతందమ్మా?" చిలకమ్మ నా చున్నీ పట్టి లాగింది.

బాగుందంటోందని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. "ఉండు పిన్నీ" అని కసిరి, మార్లీన్ వైపు తిరిగాను. "బెడ్ కాదు మేడమ్, బ్యాడ్. దవడ కిందికి దించండి. ఇలా!" అని పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టు నోరు తెరిచాను. "బ్యా...డ్!"

ఆడవాళ్లు ఇదేదో బేరంలో తంతు అనుకున్నారు. రాత్రిబడిలో టీచరు ఏదంటే అది అందరూ కలిసి అనడం వాళ్లకు అలవాటే. అందరూ నోళ్లు తెరిచి, షెడ్డు రేకులు అదిరేలా, "బ్యా...డ్!"

మార్లీన్ చెంచా కింద పెట్టింది. ముఖం కాఫీ పండులా ఎర్రబడింది.

"ఇంకోపాలి అనమంతావేటి?" చిలకమ్మ హుషారుగా అడిగింది.

"బాగా అన్నారు, మళ్లీ!" అన్నాను. అవునండీ, అన్నాను.

రెండో "బ్యాడ్" పూర్తయ్యేసరికి ఆవిడ బ్యాగు భుజానికెక్కింది. మిగతా కప్పులు ముట్టుకోలేదు.

వారం తర్వాత నా ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. అందరూ చుట్టూ మూగారు. మీ కాఫీ బ్యాడ్ కాదు, కానీ అంతమంది నన్ను వెక్కిరించిన చోట బేరం చెయ్యలేను, ఐ యామ్ సో స్యాడ్, థ్యాంక్యూ అని దాని సారాంశం. ఒక్క అచ్చు తప్పు పోలేదు. నేను నేర్పినట్టే, కడిగిన ముత్యంలా పలికింది.

"ఏటంతంది? కొంతాదా?"

"కొనదంట పిన్నీ."

చిలకమ్మ, "మేం గట్టిగా అన్లేదేటమ్మా?" అంది.

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాతి సంతలో దళారి చిలకమ్మ బస్తాలో చెయ్యి పెట్టి, "క్వాలిటీ బేడ్" అని పాత ధరే చెప్పాడు. అచ్చూ తప్పే, మాటా తప్పే. దిద్దడానికి నాకు నోరు పెగల్లేదు.

ఆ బస్తాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరు పిల్లిని 'కేట్' అన్నా, ఆ పిల్లికి గిన్నెడు పాలు పోసి నోరు మూసుకుని కూర్చుంటాను.