అత్త ప్రార్థనకు ఆమెన్ అనని రోజు

ఆ రోజుల్లో మా ధవళేశ్వరంలో ఇంటర్ పాసైన పిల్లకి ఏ బ్రాంచి కావాలో ఆ పిల్లని తప్ప అందరినీ అడిగేవారు. (ఇప్పుడూ అంతేననుకోండి. కాకపోతే ఇప్పుడు అడగదగ్గ పెద్దవాళ్ళలో నేనూ చేరాను.) నాకేమో సివిల్ ఇంజినీరింగ్ కావాలి. నాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంటపడి వెళ్ళి, నీళ్ళు వదలడానికి కాలువ లాకుల తలుపులు ఎత్తుతుంటే నోరు తెరుచుకుని చూసేదాన్ని. అలాంటిది ఒక్కటైనా దగ్గరుండి కట్టించాలని నా పట్టు. ఇంట్లోవాళ్ళేమో కంప్యూటర్స్ తప్ప దేవుడు మరో చదువు సృష్టించలేదన్నట్టు ఉండేవారు. నేను ఆన్‌లైన్లో సివిల్‌ని మొదటి ఆప్షన్‌గా పెట్టేశాను. మార్చడానికి మర్నాడే ఆఖరి రోజు. మార్చాలంటే ఓటీపీ వచ్చేది నాన్న ఫోనుకి. ఆ నాన్న ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ సాయంత్రమే, నాకు ర్యాంకు వచ్చినందుకు మా ఇంట్లో కృతజ్ఞతా కూటం. మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఒక సౌకర్యం ఉంది. ఎదురుగా చెప్పలేని మాటలన్నీ కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పేయొచ్చు. పక్కవాళ్ళు మధ్యలో అడ్డుపడకూడదు సరికదా, చివర్లో ఆమెన్ కూడా అనాలి. ఈ సౌకర్యాన్ని మా మేనత్త వాడుకున్నంతగా ఎవరూ వాడుకోలేదు. పాట అయ్యాక పాస్టరుగారు "ఒక్కొక్కరూ ప్రార్థన చెయ్యండమ్మా" అన్నారో లేదో, అత్త అందుకుంది.

"స్తోత్రం తండ్రీ! ఈ బిడ్డకి తెలివిచ్చావు, కాస్త జ్ఞానం కూడా ఇయ్యి నాయనా. ఎండలో, సిమెంటు దుమ్ములో పడి తిరిగితే దీన్నెవరు చేసుకుంటారు ప్రభువా? చల్లగా ఏసీ గదిలో కూర్చోబెట్టు తండ్రీ. ఈ రాత్రికే దీని మనసు మార్చు!"

అందరూ "ఆమెన్" అన్నారు. నేను పెదాలు బిగించుకుని కూర్చున్నాను. ఆమెన్ అంటే ఒప్పుకున్నట్టే కదా! ఒంటికన్ను తెరిచి చూద్దును కదా, అత్త కూడా ఒంటికన్నుతో నన్నే చూస్తోంది. తర్వాత పెదనాన్న ఐటీ ఉద్యోగాల జీతాల సంగతి దేవుడికి వివరంగా విన్నవించాడు. వంటింట్లో చికెన్ పలావు చల్లారిపోతోంది. నా వంతు వచ్చింది.

"ప్రభువా, నాకు సివిలే కావాలి. ఎండంటే నాకేం భయం లేదు. నా మనసు మారదు. నన్నెవరు చేసుకుంటే నీకెందుకత్తా!"

(దేవుడితో మొదలుపెట్టిన మాట అత్త దగ్గర తేలింది.) పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. "చూశారాండీ పాస్టరుగారూ, దీని నోరు!" అంది అత్త, కళ్ళు తెరవకుండానే.

అప్పుడు నాన్న గొంతు వినిపించింది. కూటాల్లో ఆయన ఆమెన్ తప్ప మరో మాట మాట్లాడగా మేమెవరమూ వినలేదు. "ప్రభువా, నా సర్వీసంతా కాలువల ఫైళ్ళు మోశాను. నా కూతురు కాలువే కట్టిస్తానంటంది. నాకు సంతోషంగా ఉంది తండ్రీ. దానికి చెప్పడం చేతకాలేదు. ఎండలో దాని తలమీద నీ చెయ్యి అడ్డం పెట్టు" అని ఆగిపోయాడు. మూసుకున్న నా కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి.

గదంతా "ఆమెన్" అంది. అందరికంటే గట్టిగా అన్నది అత్త, అలవాటుకొద్దీ. అన్నాక నాలిక్కరుచుకుంది. పాస్టరుగారు వెంటనే ముగింపు ప్రార్థన అందుకున్నారు. (ఆయనకీ ఆకలేస్తోంది.) "అనేశావు కదక్కా, ఇంకేం చేస్తాం?" అన్నాడు నాన్న, ఫోను జేబులో పెట్టుకుంటూ. "సర్లే, నెత్తిన టోపీ అయినా పెట్టుకోమను" అని అత్త నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది.

ఇప్పుడు నేను సైటు ఇంజినీరుని. ఎండ గురించి అత్త దేవుడికి చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. రివ్యూ మీటింగుల్లో పైఅధికారి తనకి తోచిందల్లా చెబుతుంటే, అందరితోపాటు నేనూ తలూపేస్తుంటాను. ఊపుతూ ఊపుతూ, పెదాలు బిగించుకు కూర్చున్న ఆ మొండిపిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. దాన్ని ఒక్క పూట నా కుర్చీలో కూర్చోబెడితే ఎంత బాగుండును.