సైకిల్ తాత తాళంచెవి

పెళ్లి ఫోటోలకు పాత సైకిల్ కావాలని అందరూ నా ప్రాణం తీస్తున్న రోజుల్లో, కోడుమూరులో ఒక పెద్దాయన దొరికాడు. ఆయన సైకిల్‌కున్న డైనమో లైటు, తోలు సీటు చూసి కొత్త జంటలు మురిసిపోయేవి. నాకు చిక్కల్లా ఆయన అలవాటుతోనే. హ్యాండిల్ వదిలితే చాలు, చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసేవాడు. తాళంచెవి మొలతాడుకే ఉండేది, విప్పేవాడు కాదు. తియ్యాలన్నా వెయ్యాలన్నా నడుమును చక్రం దాకా తెచ్చి, సైకిల్‌ను కౌగిలించుకున్నట్టు వంగేవాడు.

ఒకరోజు జొన్నచేను దగ్గర ఒక కొత్త జంటకు ఫోటోలు తీస్తున్నాను, పొద్దు వాలుతోంది. నేను లెన్సు మార్చేంతలో మళ్లీ తాళం పడింది.

"తాతా, ఈడ మనం నలుగురమే ఉండాం. ఎవరెత్తుకపోతారు?" అన్నాను.

ఆయన పెళ్లికొడుకును కిందినుంచి పైదాకా చూశాడు. "ఈయప్ప యాడోడో నాకేం తెలుసప్పా?" అంటూనే వంగి తాళం తీశాడు.

ముందు కడ్డీ మీద కూర్చున్నాక కూడా పెళ్లికూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి ఆయన ఇంటికి తీసుకెళ్లాను. తువ్వాలతో అద్దం తుడిచి, చక్రాల మీద వేలు పెట్టి వెతికాడు.

"తాళం యాడప్పా?"

"ఫోటో కోసం నువ్వే తీస్తివి కదా తాతా."

"శానా బాగుండాది. తాళం లేకుండా గోడకు తగిలిస్తే ఎట్లప్పా? వచ్చిపోయేటోళ్ల కండ్లన్నీ దీని మీదనే ఉంటాయి."

ఫ్రేమును ట్రంకుపెట్టెలో పెట్టి, పెట్టెను కౌగిలించుకున్నట్టు వంగి తాళం వేశాడు.