ముందే గుమ్మం దాటిన బ్యాగు

శకునాలూ పంచాంగాలూ నాకు పట్టవని ఆఫీసులో గొప్పలు పోతుంటాను. కానీ పదకొండేళ్ల నా కూతురు స్కౌట్ సమ్మర్ క్యాంపుకి వారం రోజులు వెళ్తుందనగానే ఫోన్‌లో పంచాంగం తెరిచాను. బస్సు శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు. నడి రాహుకాలం.

పిల్ల మాత్రం మూడు వారాలుగా అదే పని మీద ఉంది. సామాను ఎవరిది వాళ్లే సర్దుకోవాలి, వాళ్లే మోయాలి అన్నది క్యాంపు నియమం. అందుకని నిండు బ్యాగు వీపున వేసుకుని, ఈ దేశంలో నడివేసవి అయిన జనవరి ఎండలో, రోజూ పియారా వాటర్స్ పేటలో మా వీధి చుట్టూ తిరిగేది. నేను చొక్కా మడతపెట్టబోతే చెయ్యి తోసేసేది.

బస్సు వేళ మార్చడం నా వల్ల కాదు. మా పుట్టింట్లో ఇలాంటప్పుడు ఒక పద్ధతి ఉండేది. మంచి ఘడియలో సంచిని ముందే ఇంకొకరింట్లో పెట్టేస్తే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. శుక్రవారం పొద్దున బ్యాగు మోసుకెళ్లి రెండిళ్ల అవతల, పిల్ల ఆంటీ అని పిలిచే ఆవిడ ఇంట్లో పెట్టొచ్చాను. మంచి ఘడియ, రేపు వెళ్తూ తీసుకుందాం అంటే పిల్ల కళ్లు తిప్పింది.

శనివారం ఎనిమిదింటికి వెళ్తే ఆ ఇంటికి తాళం. ఆవిడ నర్సు. ఎవరో సెలవు పెడితే తెల్లవారుతూనే డ్యూటీకి పిలిచారని తర్వాత తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పదిసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

"ఈసారికి మానేద్దాంలే అమ్మా. శకునమే బాలేదు," అన్నాను. నా తప్పును శకునం మీదికి నెడుతున్నానని అంటూనే తెలుస్తోంది.

"నో. అయామ్ గోయింగ్. యూ వెయిట్ ఇన్ ద కిచెన్, అమ్మా."

లిస్టంతా దానికి నోటికొచ్చు. స్కూలు బ్యాగులో పుస్తకాలు మంచం మీద గుమ్మరించి, అందులో బట్టలు సర్దుకుంది. వాళ్ల నాన్న రెయిన్‌కోటు, కారులో ఉండే టార్చి తెచ్చుకుంది. పడక కోసం రగ్గును చుట్టచుట్టి, నా చున్నీతో బిగించి, స్కౌట్స్‌లో నేర్చిన ముడి వేసింది. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి గానీ చేతులు తడబడలేదు. నేను వంటింట్లో నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను.

స్కౌట్ హాలు దగ్గర క్యాంపు లీడరు చున్నీ కట్టిన రగ్గును చూసి, అసలు బ్యాగు ఏదని నన్ను అడిగాడు. రాహుకాలం గురించి ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నమిలాను. నవ్వుతారని సిగ్గు, పిల్లను ఆపేస్తారేమోనని దిగులు.

పిల్ల నా ముందుకొచ్చి నిలబడింది.

"మమ్ వాజ్ స్కేర్డ్ ఫర్ మీ," అంది. "సో షీ టుక్ మై బ్యాగ్ టు ఆంటీస్ ప్లేస్, అండ్ ఇట్స్ లాక్డ్ ఇన్. ఐ ప్యాక్డ్ దిస్ వన్ మైసెల్ఫ్. యూ కెన్ చెక్."

ఆయన ఒక్కొక్కటీ తీయించి చూశాడు. టార్చి వెలిగించి చూశాడు. బస్సెక్కమన్నాడు.

బస్సు వెళ్లిపోయాక కారులో కూర్చుని ఏడ్చాను. భయమేస్తోందని నేను దానితో ఒక్కసారి కూడా అనలేదు. మంచి ఘడియ అనే అన్నాను.